గ్వాంగ్‌జౌ రాజసమాధి: ముందు కిందికి దిగండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెప్పడం మర్యాదే గానీ, నాకిచ్చింది పదే నిమిషాలు. మన్నించండి.

కాంటన్ ఫెయిర్ అనే వాణిజ్య మేళాకని చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్లేవాళ్లకు ముందు ఒక జాగ్రత్త. నాన్‌యువె అంటే అక్కడి పాతకాలపు రాజ్యం. ఆ నాన్‌యువె రాజు మ్యూజియానికి రెండు ప్రాంగణాలున్నాయి. ఒకటి రాజభవన శిథిలాలది, రెండోది సమాధిది. మ్యూజియం పేరొక్కటే చెబితే టాక్సీ రాజభవనం దగ్గర ఆగినా ఆగుతుంది. సమాధికైతే మెట్రో రెండో లైనులో యువెషియు పార్క్ స్టేషన్‌లో దిగాలి.

1983లో ఇళ్లు కట్టడానికి గుట్ట చదును చేస్తుంటే బయటపడ్డ సమాధి ఇది. క్రీ.పూ. 122లో పోయిన ఝావ్ మో అనే రాజుది. గుట్ట తొలిచి, లోపల రాతితో ఏడు గదులు కట్టారు: ముందు మూడు, వెనక నాలుగు. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, నేరుగా ప్రదర్శన హాల్లోకి వెళ్లి, రాజు శవానికి తొడిగిన జేడ్ (పచ్చరాయి) కవచం చూసి వచ్చేస్తారు. ముందు సమాధిలోకి దిగండి. దారులు ఇరుకు, గుంపు వెళ్లిపోయేదాకా ఆగి దిగండి.

కవచం గొప్పదే, కాదనను. 2291 జేడ్ ముక్కలు. తలకు, చేతులకు, పాదాలకు బెజ్జాలు పెట్టి పట్టుదారంతో కుట్టారు. మొండేనికి గుడ్డ మీద అతికించి పట్టునాడాలు వేశారు. పట్టు కుళ్లిపోయి ముక్కలన్నీ నేలమీద పరుచుకుపోయాయి. అందుకే వాటిని విడివిడిగా ఏరలేదు. సన్నటి వెదురుపుల్లలు కిందికి దూర్చి మొత్తంగా ఎత్తారు. తిరిగి కూర్చడానికి దాదాపు మూడేళ్లు పట్టింది.

రాజుగారి బంగారు ముద్ర గురించి కూడా చెబుదామని వచ్చాను. అది పక్కన పెడతాను. అంతకంటే ముందు చెప్పాల్సింది ఆ పదిహేనుమంది గురించి. అమ్మా, అయ్యా, ఆ రాజుతోపాటు పదిహేనుమందిని పూడ్చారు! దారిలో ఇద్దరు, ముందుగదిలో ఒకరు, వాద్యాల గదిలో ఒకరు, తూర్పు పక్కగదిలో నలుగురు రాణులు, పడమటి పక్కగదిలో ఏడుగురు. ఆ ఏడుగురూ వంటపనివాళ్లని పండితుల అంచనా. లెక్క పెట్టుకోండి, పదిహేను. కవచం ముందు పది ఫోటోలు దిగేవాళ్లు ఈ పడమటి గది ముందు పది సెకన్లు ఆగరు. నాకు బాధ అక్కడే.

రాణులకు ముద్రలున్నాయి. 'కుడి రాణి'ది బంగారు ముద్ర, తాబేలు పిడి. ఆ ఏడుగురి పేర్లు మనకు తెలియవు. రాజుగారి గది వెనక సరుకుల గదిలో మాత్రం, జాడీల్లో రెండొందల పైచిలుకు చిన్న పిట్టల ఎముకలు దొరికాయి, రాజుగారి విందుకు పెట్టినవి. దిగినప్పుడు ముందు పడమటి గది చూడండి, తర్వాత ఆ వెనకగది. ఈ క్రమంలోనే చూడండి.