మానిటర్ ఆపేశాక

అందరికీ నమస్కారం. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర మానుకుని వచ్చినవాళ్లు కూడా ఇక్కడున్నారు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను: ఆసుపత్రి పనిలో మన మీద పడే ఒత్తిడి, దాన్ని ఒంటరిగా మోయాల్సి రావడం.

నేను ఐసీయూ డ్యూటీలో చేరిన కొత్తలో ఒక రాత్రి నలభై నిమిషాలు సీపీఆర్ చేశాం. పేషెంట్ దక్కలేదు. మానిటర్ ఆపేశాం. డాక్టరుగారు కేస్ షీట్ రాస్తున్నారు. ఆయా కింద పడ్డ గ్లౌజులు, సిరంజి కవర్లు ఏరుతోంది. నాతోపాటు ఛాతీ నొక్కిన సిస్టర్ చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఆ చేతులతోనే పక్క బెడ్‌ పేషెంట్ కోసం ఇంజెక్షన్ లోడ్ చేస్తోంది. ఎవరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆర్నెల్లకు ఆమె ఉద్యోగం మానేసింది. "పాపం, తట్టుకోలేకపోయింది" అనుకున్నాం. నేనూ అలాగే అన్నాను. అలా అన్నందుకు ఈరోజుకీ బాధగా ఉంటుంది. తట్టుకోవాల్సింది ఆమె ఒక్కతేనా?

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను నిర్వచిస్తూ, అది జబ్బు కాదని, పనిచేసే చోట చాలాకాలంగా ఉన్న టెన్షన్‌ను సరిగా సంభాళించకపోతే వచ్చే స్థితి అని చెప్పింది. అంటే ముందు చూడాల్సింది మనిషిని కాదు, పనిని. వరుసగా నైట్లు వేసి, నెలకోసారి ధ్యానం క్లాసు పెడితే సరిపోదు.

అమెరికాలో, వర్జీనియాలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు ఒక చిన్న అలవాటు మొదలుపెట్టారు. పేషెంట్ చనిపోయాక టీమ్ అంతా ఆ మంచం చుట్టూ కాసేపు మౌనంగా నిలబడుతుంది. అంతే. మేమూ మా వార్డులో అది మొదలుపెట్టి, దానికి ఒక ప్రశ్న కలిపాం: "ఎవరికైనా ఐదు నిమిషాలు బయటికి వెళ్లాలనుందా?" మొదట్లో ఎవరూ చెయ్యెత్తలేదు. ఒకరోజు మా సీనియర్ డాక్టరుగారే "నేను వెళ్తానమ్మా" అన్నారు. ఆ తర్వాత జూనియర్లకు అడగడం కష్టం కాలేదు.

పెద్దవాళ్లు ముందు నోరు విప్పడం ఎంత ముఖ్యమో అమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి టీముల మీద చేసిన పరిశోధన చూస్తే అర్థమవుతుంది. బాగా కలిసి పనిచేసే టీముల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారామె. లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. ఆ టీములు తప్పుల్ని దాచకుండా చెబుతున్నాయన్నమాట. తిడతారన్న భయం ఉన్నచోట రికార్డు శుభ్రంగా ఉంటుంది, కానీ తప్పు చేసిన పిల్ల ఆ రాత్రంతా ఒంటరిగా ఏడుస్తుంది. అలాంటివాళ్లను ఆల్బర్ట్ వూ అనే డాక్టరు 2000లో 'రెండో బాధితులు' అన్నారు; మొదటి బాధితుడు పేషెంట్.

ఆపరేషన్ థియేటర్ వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు తెలుసు. కోత పెట్టేముందు ప్రతి ఒక్కరూ పేరు, పని చెప్పాలి. చాలాచోట్ల అది టిక్కు పెట్టి వదిలేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. ఒకసారి గొంతు విప్పిన మనిషికి, "సర్, పరికరాల కౌంట్ తేడాగా ఉంది" అనడానికి ధైర్యం వస్తుంది.

అడ్మినిస్ట్రేషన్ వాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. సిబ్బంది చాలనిచోట నేను చెప్పినవేవీ నిలవవు. ఈ నెల డ్యూటీ రోస్టర్ తెచ్చాను. ఎవరికి వరుసగా ఎన్ని నైట్లు పడ్డాయో ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టాను. టీ బ్రేక్‌లో కలిసి కూర్చుని చూద్దాం.