నడుం నొప్పికి గర్భసంచి మీద నేరమా?

శ్రోతలకు నమస్కారం.

ఆడవాళ్ల నడుం నొప్పికి మన ఇళ్లలో కారణాలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఆపరేషన్ కాన్పులో వెన్నుకిచ్చిన మత్తుసూది అని ఒకరు, బాలింతప్పుడు నడికట్టు సరిగ్గా కట్టుకోలేదని ఇంకొకరు, తెల్లబట్టలో ఎముకల సారమంతా పోతోందని మరొకరు. ఏ కారణం నమ్మితే ఆ వైద్యమే వెతుక్కుంటాం కాబట్టి వీటిని కాస్త తరచి చూడాలి.

పెద్దవాళ్లలో వెన్నుపాము సాధారణంగా నడుం మొదటి పూస దగ్గరే ఆగిపోతుంది. మత్తుసూది అంతకన్నా కిందే వేస్తారు. గుచ్చిన చోట కొద్దిరోజులు సలపొచ్చు గానీ, ఏళ్ల తరబడి ఉండే నొప్పిని దాని ఖాతాలో వేయలేం. సాగి వదులైన పొట్ట కండరాలు, చాలని నిద్ర, వంగి పాలివ్వడం, బిడ్డను చంకనేసుకునే పనులు చేయడం... ముందు వీటిని చూడాలి.

తెల్లబట్టలో ఎముకల కాల్షియం పోదు. వాసన, దురద ఉంటే ఇన్ఫెక్షన్‌కు మందు వాడాలి, అంతే. తెల్లబట్టకూ నడుం నొప్పికీ గర్భసంచే కారణమనుకుని దాన్ని తీయించుకునేందుకు ఆపరేషన్ టేబుల్ దాకా వెళ్లడమే అసలు ప్రమాదం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం పైనే. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ముట్లుడిగిన స్థితి ఒక్కసారిగా వచ్చి ఎముకలు త్వరగా గుల్లబారతాయి. నెలసరితో పాటు పెరిగే నొప్పి వేరు. దానికి స్త్రీల డాక్టరు పరీక్ష తప్పనిసరి.

ఇక 'డిస్క్ ఉబ్బింది, అరిగింది' అనే స్కాన్ రిపోర్టు. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండులాంటిది. ఏ నొప్పీ లేని 40 ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా దాదాపు 68 శాతం మందిలో అరుగుదల, సగం మందిలో ఉబ్బు కనిపిస్తాయి. ఆ రిపోర్టు చూసి వంగడం మానేస్తే కండరాలు ఇంకా నీరసిస్తాయి, నొప్పి పెరుగుతుంది. అలాగని నొప్పి ఉత్తిదని కాదు. 'పనులు చేసుకుంటూనే ఉందిగా' అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. ఆమె పని ఆపితే వంటెవరు చేస్తారో మాత్రం చెప్పరు!

నొప్పి తగ్గిన రోజున దుప్పట్లన్నీ ఉతికేసి, బూజులు దులిపేసి, తర్వాత మూడు రోజులు మంచం పట్టడం చాలామందికి అలవాటు. మంచిరోజైనా, చెడ్డరోజైనా పని దాదాపు ఒకే కొలతలో ఉంచండి. చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు అరగంటకోసారి నడుం నిటారుగా చేసి పది అడుగులు వేయాలి.

ఇంట్లో చేసుకోవడానికి ఒక వ్యాయామం. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. మడమలు పిరుదులకు జానెడు దూరంలో ఉండాలి. అంతకన్నా దూరం పెడితే తొడ వెనక పట్టేస్తుంది. ఊపిరి వదులుతూ పిరుదులు పైకెత్తి, 5 సెకన్లు ఆపి, మెల్లగా దించండి. భుజాల నుంచి మోకాళ్ల దాకా ఏటవాలు గీతలా వస్తే చాలు. ఇంకా ఎత్తితే నడుం విల్లులా వంగి నొప్పి పుడుతుంది. ఊపిరి బిగబట్టొద్దు. 5 సార్లతో మొదలుపెట్టి వారానికి రెండేసి పెంచండి. మర్నాడు పొద్దుటికి నొప్పి ముందుకన్నా ఎక్కువైతే మానేయకండి, లెక్క సగానికి తగ్గించండి.

నడకా మందే. 2024లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో నడుం నొప్పి నుంచి కోలుకున్న 701 మంది పాల్గొన్నారు. వాళ్లలో క్రమంగా వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాల నడక వైపు సాగినవారికి నొప్పి తిరగబెట్టడానికి పట్టిన కాలం 208 రోజులు. నడక కార్యక్రమం లేనివారికి 112 రోజులే. మూడు నెలలు దాటిన మామూలు నడుం నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (బరువులతో నడుమును సాగలాగడం) మామూలు వైద్యంగా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. నొప్పి సూదులు, మాత్రలు సొంతంగా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలూ దెబ్బతింటాయి.

మూత్రం బిగిసినా, ఆపుకోలేకపోయినా, మర్మావయవాల చుట్టూ మొద్దుబారినా, పాదం ఎత్తలేకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే వెన్ను క్షయతో సహా అన్నీ పరీక్షించాలి. డాక్టరు దగ్గర 'నడుం నొప్పండీ' అని ఊరుకోకండి. 'పది నిమిషాలు నిలబడి అంట్లు తోమలేకపోతున్నాను, బిందె ఎత్తలేకపోతున్నాను' అని పని పేరుతో, నిమిషాల లెక్కతో చెప్పండి.