సంచిలో అవ్వ కోసం ఒక పుస్తకం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకోవాలని ఉంది కానీ, అధ్యక్షులు పది నిమిషాలే ఇచ్చారు. మన్నించాలి.

ఎండాకాలం సెలవుల్లో ఊర్లకు పోయేటప్పుడు ఏ పుస్తకాలు వెంట పెట్టుకోవాలో చెప్పమన్నారు. నాలుగు ముచ్చట్లు కాగితం మీద రాసుకొచ్చాను. మొదటిది బరువు. అట్ట గట్టిగా ఉన్న లావు పుస్తకం బస్సులో ఒంటిచేత్తో పట్టుకోలేం. సన్నని అక్షరాలు కుదుపులకు కండ్లను గుంజుతాయి. రెండోది, పోయే చోటుకు తగిన పుస్తకం. ఓరుగల్లు కోటకు వచ్చే చుట్టాలకు నేను వినుకొండ వల్లభరాయడి పాత పద్యాల పుస్తకం, క్రీడాభిరామం ఇస్తాను. ఇద్దరు మిత్రులు ఒక్క రోజులో ఈ నగరమంతా తిరుగుతూ చూసిందల్లా చెప్పుకుంటారు అందులో. కీర్తి తోరణం నీడలో కూర్చొని చదివితే రాళ్లకు ప్రాణం వస్తుంది. కొన్ని పద్యాలు మాత్రం పిల్లల ముందు చదివేవి కావు, ముందే చూసుకోండి.

మూడోది... మూడోది వదిలేస్తాను. నేను చెప్పాలని వచ్చింది వేరే.

1991 వేసవి. మా అవ్వను తీసుకొని కాళేశ్వరం బయలుదేరాను. పరకాల, భూపాలపల్లి, మహదేవ్‌పూర్ మీదుగా బస్సు. నా సంచిలో మూడు లావు నవలలు. అవ్వకు చదువు రాదు. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పరకాల దాటినంక అడిగింది, "ఏమున్నది బిడ్డా అండ్ల?" అని. "నీకు సమజ్ కాదులే అవ్వా" అన్నాను. కొంగు చెవుల మీదికి లాక్కొని కిటికీ దిక్కు తిరిగింది. గోదావరి, ప్రాణహిత కలిసే కాడ దండం పెట్టుకునేదాకా మళ్లీ నోరు తెరవలేదు.

అక్కలారా, తమ్ముళ్లారా, నేను అప్పటికే టీచర్ని. నలభై మంది పిల్లలకు చదువు చెప్పేదాన్ని.

మరుసటి ఏడు వేములవాడ పోయాం. ఈసారి ఒక్కటే పుస్తకం, వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి ఆయన. రాత్రి సత్రంలో చాప మీద కూర్చొని పైకి చదివాను. వెట్టి ముచ్చట వచ్చేసరికి అవ్వ నా చెయ్యి పట్టుకొని ఆపింది. "గిదంత ఆయనకెట్ల ఎరుక? మా ఊరికొచ్చిండా?" అంది. మా తాత దొర గడీకి కట్టెలు మోసిన సంగతి, పండుగపూట కూడా పిలుపొస్తే ముద్ద వదిలి లేచిన సంగతి, ఆ రాత్రే మొదటిసారి విన్నాను. పక్క చాపల మీది ఇద్దరు ఆడవాళ్లు కూడా లేచొచ్చి తమ ఊరి దొర సంగతులు అందుకున్నారు. నేను పుస్తకం మూసేశాను. దీపం ఆర్పమని సత్రపాయన రెండుసార్లు వచ్చి పోయాడు.

అందుకే అడుగుతున్నాను. మీ సంచిలో మీ కోసం ఎన్నైనా పెట్టుకోండి. వెంట వచ్చే అవ్వ కోసం, తాత కోసం ఒకటి పెట్టండి. పైకి చదివితే చెవికి ఇంపుగా ఉండేది, చిన్న చిన్న ప్రకరణాలది, వాళ్ల బతుకు ఎక్కడో తగిలేది. ఇంట్లో రెండు పుటలు పైకి చదివి చూడండి. నాలుక తడబడితే అది పక్కన పెట్టి ఇంకొకటి తీయండి. 1904లోనే శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలిసిన హనుమకొండ మనది. ఇక్కడ పుస్తకం దొరకలేదనే మాట నేను ఒప్పుకోను.

వెనుక నిలబడ్డ పిల్లలూ, ముందుకు రండి. ఈ బల్ల మీద పదకొండు పుస్తకాలు పెట్టాను, అన్నీ నా సొంతవే. పెద్ద అక్షరాలవి ఎడమ పక్క ఉన్నాయి. నోటు పుస్తకంలో పేరు రాసి తీసుకుపోండి. బడి తెరిచినంక తెచ్చిచ్చేటప్పుడు, ఎవరికి చదివి వినిపించారో, విన్నవాళ్లు ఏమన్నారో కూడా ఆ పేరు పక్కనే రాయండి.