మీ యాప్‌కు రాత్రి డ్యూటీ లేదా?

నమస్కారం. మా బావ ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట రైతులు క్యాన్లతో వరుసలో నిలబడతారు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాటు ఎంత వచ్చింది అన్నది ఇదివరకు పుస్తకంలో రాసేవాడు. ఆ పుస్తకం బదులు నేనొక ఆండ్రాయిడ్ యాప్ తయారుచేసి ఇచ్చాను. బావ ఫోనులో లెక్క కొడతాడు, అది సర్వర్‌కు చేరుతుంది, పదిహేను రోజులకోసారి దాన్నిబట్టి బిల్లులు పడతాయి. లెక్క పంపే పని దానంతటదే జరగాలి కదా అని, 15 నిమిషాలకోసారి పంపమని కోడ్ రాసి పెట్టాను. నా బల్ల మీద మూడు రోజులు పరీక్షించాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఊళ్లో మొదటి సాయంత్రమే తప్పింది. ఏడింటికి కొట్టిన చివరి పది లెక్కలు సర్వర్‌కు చేరేసరికి రాత్రి పదిన్నర దాటింది. రెండో రోజువి తెల్లవారితే గానీ చేరలేదు. బావ ఫోన్ చేశాడు. "ఏమోయ్, నీ యాప్‌కు రాత్రి డ్యూటీ లేదా?"

లేదు. ఉండదు కూడా. ఎందుకు ఉండదో, ఉండకపోయినా పని ఎలా జరిపించుకోవాలో ఇవాళ చెబుతాను. కోడ్ రాయని వాళ్లు కూడా వినవచ్చు; మీ ఫోనులో కొన్ని యాప్‌లు సమాచారాన్ని ఎందుకు ఆలస్యంగా చూపిస్తాయో తెలుస్తుంది.

ముందు నా బల్ల మీద ఎందుకు తప్పలేదో చూద్దాం. నాకు సిగ్గుగా అనిపించిన సంగతి అదే. పరీక్షించిన మూడు రోజులూ ఫోను కేబులుతో కంప్యూటర్‌కు తగిలించి ఉంది. అంటే ఛార్జింగ్ అవుతూనే ఉంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోనుకు డోజ్ అనే నిద్ర ఉంది. తెర ఆరిపోయి, ఛార్జర్ లేకుండా, కదలకుండా కొంతసేపు పడి ఉంటే ఫోను ఆ నిద్రలోకి జారుకుంటుంది. అప్పుడు యాప్‌లకు నెట్ అందదు, అవి అప్పగించిన పనులు వాయిదా పడతాయి. మధ్యమధ్యలో ఫోను కాసేపు కళ్లు తెరిచి, పేరుకుపోయిన పనులన్నీ చేసి, మళ్లీ పడుకుంటుంది. పడుకునే కొద్దీ ఆ మెలకువల మధ్య దూరం పెరుగుతుంది. ఆ మరుసటి ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 7లో ఇంకో తేలికపాటి కునుకు కూడా చేర్చారు. దానికి ఫోను కదలకుండా ఉండాల్సిన పని లేదు, జేబులో ఉన్నా పడుతుంది. ఛార్జర్‌కు తగిలించి ఉంటే మాత్రం ఈ రెండు నిద్రలూ ఉండవు. నా ఫోను మూడు రోజులు జాగారం చేసింది. బావ ఫోను పూట ముగియగానే గల్లాపెట్టె పక్కన పడుకుంది.

తప్పు ఫోనుది అనుకోకండి. సర్వర్ల మీద పనిచేసి వచ్చిన మనలాంటి వాళ్లకు క్రాన్ అలవాటు. 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉన్న సాధనం అది. ఫలానా గంటకు ఫలానా పని అని ఒక వరుస రాస్తే చాలు, ఏళ్ల తరబడి చేస్తూనే ఉంటుంది. సర్వర్ గోడకు తగిలించి ఉంటుంది, నిద్రపోదు. ఫోను అలా కాదు. అరచేతిలో పట్టే బ్యాటరీ మీద బతుకుతుంది, అందులో డజన్ల కొద్దీ యాప్‌లు ఉంటాయి, ప్రతిదీ తన పనే ముఖ్యమనుకుంటుంది. పైగా చిన్న సందేశం పంపినా ఫోనులోని రేడియో వెంటనే పడుకోదు, ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది. ఇరవై యాప్‌లు ఇరవై వేర్వేరు నిమిషాల్లో లేపితే, పంపిన సమాచారం కంటే ఎదురుచూపులకే ఎక్కువ బ్యాటరీ ఖర్చవుతుంది.

అందుకే ఆండ్రాయిడ్ ఏళ్ల మీద ఒక్కొక్క తాడూ బిగిస్తూ వచ్చింది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4లో పునరావృత అలారాలను, అంటే యాప్ ఇంతసేపటికోసారి తనను లేపమని పెట్టుకునే వాటిని, ఉజ్జాయింపుగా మార్చింది. 2014లో, యాప్‌ల పనులను ఎప్పుడు నడపాలో ఫోనే చూసుకునే జాబ్‌షెడ్యూలర్ తెచ్చింది. 2017లో ఆండ్రాయిడ్ 8తో, తెర వెనక ఇష్టమొచ్చినంతసేపు నడిచే సర్వీసులకు అడ్డుకట్ట వేసింది. 2018లో ఆండ్రాయిడ్ 9తో, మీరు ఎంత తరచుగా వాడతారన్నదాన్నిబట్టి యాప్‌లకు తరగతులు పెట్టింది. అరుదుగా తెరిచే యాప్‌కు వంతు కూడా అరుదుగానే వస్తుంది. అదే ఏడాది వర్క్‌మేనేజర్‌ను ప్రకటించారు. 2019లో దాని మొదటి స్థిరమైన వెర్షన్ వచ్చింది. ఇప్పుడు ఇలాంటి పనులకు వాడమని చెప్పేది దాన్నే.

దీన్ని నేను షేర్ ఆటోతో పోల్చుకుంటాను. షేర్ ఆటో మీరు ఎక్కగానే కదలదు. ఇంకో ఇద్దరు వచ్చేదాకా చూస్తాడు, మీకు తొందరగా ఉందంటే "ఇదిగో బయలుదేరుతున్నాం" అంటాడు, అయినా కదలడు. కానీ ఛార్జీ తక్కువ. వర్క్‌మేనేజర్ అలాంటిదే: నాలుగు యాప్‌ల పనులు కూడగట్టి, రేడియోను ఒక్కసారే లేపి, అందరినీ దించి వస్తుంది. సొంతంగా ఆటో మాట్లాడుకోవడం కూడా కుదురుతుంది, దాన్ని అలారం మేనేజర్ అంటారు. దానికి ఛార్జీ వేరు, చివర్లో చెబుతాను.

షేర్ ఆటోకు నియమాలు ఉన్నాయి. పునరావృత పనికి కనీస వ్యవధి 15 నిమిషాలు. మీరు 5 అని రాస్తే లాగ్‌లో, అంటే ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలో, ఒక హెచ్చరిక వేసి తనే 15కు మార్చేస్తుంది. యాప్ ఆగిపోదు కాబట్టి ఆ హెచ్చరిక మీ కంటపడకపోవచ్చు. ఇంకోటి: మొదటి విడత 15 నిమిషాల తర్వాత కాదు, పెట్టిన షరతులు (నెట్ ఉండాలి లాంటివి) కుదిరితే వెంటనే నడుస్తుంది. మూడోది నన్ను ఎక్కువ ఏడిపించింది. 24 గంటలకోసారి అని రాస్తే రోజూ రాత్రి తొమ్మిదింటికి అని అర్థం కాదు. ఇవాళ తొమ్మిదికి జరిగి, రేపు తొమ్మిదిన్నరకు, ఎల్లుండి పదింటికి అలా జరుగుతూ పోవచ్చు. తొమ్మిది ప్రాంతంలోనే కావాలంటే పునరావృత పనిని పక్కన పెట్టి, తొమ్మిదికి ఎంత సమయం ఉందో లెక్కగట్టి అంత ఆలస్యంతో ఒకసారి చేసే పని పెట్టండి. అది ముగిసేటప్పుడు రేపటి పనిని తనే నమోదు చేసుకుంటుంది. వినడానికి వంకరగా ఉంది, నిజమే. అయినా ఇదే కుదురుగా ఉంటుంది.

ఇక నేను చేసిన అసలు పొరపాటు. బావ రోజుకు నాలుగైదు సార్లు యాప్ తెరుస్తాడు. తెరిచిన ప్రతిసారీ నా కోడ్ కొత్తగా ఒక పునరావృత పనిని నమోదు చేసింది. వర్క్‌మేనేజర్ వీటిని తన డేటాబేస్‌లో భద్రంగా దాచుకుంటుంది. ఫోను ఆపి మళ్లీ వేసినా మరచిపోదు. ఆ మంచి గుణమే నా కొంప ముంచింది. నెల తిరిగేసరికి ఒకే పని వందకు పైగా నకళ్లతో కూర్చుంది. పనికి ప్రత్యేకమైన పేరు పెట్టి, ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంటే దాన్నే ఉంచమని చెప్పాలి. ఈ ఎంపిక పేరు కీప్. దానిలోనూ ఒక గుంట ఉంది: తర్వాత మీరు వ్యవధి మార్చి కొత్త వెర్షన్ వదిలితే, పాత పనినే ఉంచుకుని కొత్తదాన్ని పట్టించుకోదు. దీనికోసం వర్క్‌మేనేజర్ 2.8 వెర్షన్‌లో అప్‌డేట్ అనే ఎంపిక చేర్చారు. అది చదవకముందు ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

నకళ్ల వల్ల బ్యాటరీ పోతే పోయింది, లీటర్లు కూడా తప్పాయి. లెక్క సర్వర్‌కు చేరుతుంది, చేరిందన్న జవాబు తిరిగి వచ్చేలోపు ఊళ్లో సిగ్నల్ పోతుంది. ఫోను చేరలేదనుకుని మళ్లీ పంపుతుంది. ఎనిమిది లీటర్లు పోసిన రైతు ఖాతాలో పదహారు పడతాయి. తక్కువ పడితే ఆ పూటే కేంద్రం ముందు గొడవ జరుగుతుంది. ఎక్కువ పడితే ఎవరూ ఫోన్ చేయరు. బిల్లు రోజున మొత్తం లీటర్లు ట్యాంకర్ లెక్కతో సరిపోకపోయేసరికి బయటపడింది. ఇప్పుడు ప్రతి లెక్కకూ ఫోనులో కొట్టిన క్షణంలోనే ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య పడుతుంది. అదే సంఖ్యతో రెండోసారి వస్తే సర్వర్ "అందింది" అని జవాబిస్తుంది తప్ప మళ్లీ కూడదు. తెర వెనక పని ఆలస్యంగానూ జరుగుతుంది, రెండుసార్లూ జరుగుతుంది, ఒక్కోసారి అసలు జరగదు. ఈ మూడింటికీ తట్టుకునేలా రాశాకే వ్యవధి గురించి ఆలోచించండి.

ఆ వ్యవధి గురించే అసలు నా వాదన. 15 నిమిషాలకోసారి అని ఎందుకు రాశాను? ఆలోచించకుండా రాశాను. బావ రాత్రంతా పాలు కొలవడు. పూట ముగిశాక కొత్త లెక్కే ఉండదు. అంటే నాకు కావలసింది పునరావృత పనే కాదు, "పూట ముగిసింది, పంపు" అనే ఒక్క పని. పూట ముగిసిందని బావ యాప్‌లో నొక్కేటప్పుడు తెర వెలిగే ఉంటుంది, ఫోను మేలుకునే ఉంటుంది. ఆ క్షణంలో, నెట్ ఉండాలన్న షరతుతో ఒకసారి చేసే పని నమోదు చేస్తే చాలు. నెట్ ఉంటే వెంటనే పోతుంది, లేకపోతే వచ్చేదాకా ఆగుతుంది. పునరావృత పనిని రోజుకు ఒక్కసారికి దించాను, మిగిలిపోయినవి ఊడ్చుకెళ్లడానికి. నేను చూసిన యాప్‌లలో గంటకోసారి పెట్టిన పనులు చాలావరకు ఇలాంటివే: ఏదో ఒక సంఘటన తర్వాత జరగాల్సిన పనికి గడియారం కట్టారు.

ఇంతా చేసినా రెండో రోజు లెక్కలు తెల్లవారేదాకా ఎందుకు ఆగాయన్నది మిగిలింది. బావకు ఒక అలవాటు ఉంది, పడుకునే ముందు ఇటీవలి యాప్‌లన్నిటినీ వేలితో తోసేస్తాడు, ఫోను తేలికవుతుందని. మామూలు ఆండ్రాయిడ్‌లో అలా తోసినంత మాత్రాన నమోదైన పనులు పోవు. కొన్ని కంపెనీల ఫోన్లలో మాత్రం తోసేయడమంటే బలవంతంగా ఆపేయడమే. అలా ఆపిన యాప్‌కు అలారాలూ పనులూ ఏవీ నడవవు, మనిషి మళ్లీ తెరిచేదాకా. సెట్టింగులలో ఆటోస్టార్ట్ అనే మీట ఎక్కడో లోతున ఉంటుంది. దాన్ని నేను స్వయంగా వెళ్లి వేసి వచ్చాను. లక్ష మంది వాడే యాప్ అయితే ఇది కుదరదు, కాబట్టి యాప్ తెరిచిన ప్రతిసారీ పెండింగ్ ఉన్నవి పంపేలా కూడా రాయండి.

యాప్ వాడేవాళ్లు పెరిగితే ఇంకో తలనొప్పి. పొలాల్లో బోర్లకు ఆటో స్టార్టర్లు పెట్టడం మీరు చూసే ఉంటారు. కరెంటు రాగానే రైతు అక్కడ లేకపోయినా మోటారు తిరుగుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే ఏమవుతుందో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. 2018 జనవరి 1న తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. అక్కడ ప్రధాన చింత భూగర్భ జలాలు. మన చింత సర్వర్. అన్ని ఫోన్లనూ సరిగ్గా రాత్రి ఎనిమిదింటికి పంపమంటే సర్వర్ మన ట్రాన్స్‌ఫార్మర్ అవుతుంది. నలభై కేంద్రాలకు ఏమీ కాదు, నలభై వేలకు అవుతుంది. ప్రతి ఫోనూ ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఏదో ఒక నిమిషాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. విఫలమైతే మళ్లీ ప్రయత్నించే విరామాన్ని వర్క్‌మేనేజర్ తనే పెంచుకుంటూ పోతుంది: 30 సెకన్లతో మొదలై, ప్రతిసారీ రెట్టింపవుతూ, గరిష్ఠంగా 5 గంటల దాకా.

సొంత ఆటో సంగతి. మందులు గుర్తుచేసే యాప్ రాస్తున్నారనుకోండి, రాత్రి ఎనిమిదింటి మాత్రకు షేర్ ఆటో పనికిరాదు. అక్కడ ఖచ్చితమైన అలారమే పెట్టాలి. 2021 నాటి ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి ప్రత్యేక అనుమతి కావాలి, ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసుకునే చాలా యాప్‌లకు ఆ అనుమతి ముందుగా ఉండదు, మనిషిని అడగాలి. ఫోను ఆపి వేస్తే అలారాలు చెరిగిపోతాయి, ఫోను లేవగానే మళ్లీ పెట్టుకోవాలి. పాల లెక్కకు ఇంత తతంగం వద్దు.

ఐఫోన్ సంగతి ఒక్క మాటలో: అక్కడ ఇంకా కఠినం. 2019లో ఐఓఎస్ 13తో వచ్చిన బీజీటాస్క్ షెడ్యూలర్‌కు మీరిచ్చే సమయం "అంతకుముందు మాత్రం వద్దు" అని చెప్పడానికే. ఆ తర్వాత ఎప్పుడు లేపాలో ఫోను ఇష్టం, లేపినా చిన్న పనికి దొరికేది దాదాపు 30 సెకన్లు. పైగా ప్రతి విడత తర్వాతా మళ్లీ అర్జీ పెట్టుకోవాలి.

పరీక్షించేటప్పుడు నాలా కేబులును నమ్మకండి. కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే ఏడీబీ షెల్‌లో "డంప్‌సిస్ బ్యాటరీ అన్‌ప్లగ్" అని కొడితే, కేబులు ఉన్నా లేదనుకుంటుంది ఫోను. తెర ఆర్పి "డంప్‌సిస్ డివైస్‌ఐడిల్ ఫోర్స్-ఐడిల్" అంటే నిద్రలోకి వెళుతుంది. అప్పుడు చూడండి మీ యాప్ ఏం చేస్తుందో. అయ్యాక డివైస్‌ఐడిల్‌కు "అన్‌ఫోర్స్", బ్యాటరీకి "రీసెట్" కొట్టడం మరచిపోకండి, నేను మరచిపోయి రెండు రోజులు ఫోను పాడైందనుకున్నాను.

ఇప్పుడు బావ యాప్‌లో పైన ఒక వరుస కనిపిస్తుంది: "చివరిసారి పంపింది, సాయంత్రం 7:12. మిగిలినవి, 0." దాని పక్కనే "ఇప్పుడే పంపు" అని ఒక మీట. అన్నీ దానంతటవే పోతున్నాయి, మీట అవసరం లేదని చెప్పాను. "సరే, సరే" అంటాడు. సర్వర్ లాగ్ చూస్తే పూట ముగిశాక రోజూ రెండుసార్లు నొక్కుతున్నాడు.