బోరులో నీళ్ళు పైకొచ్చాయా? అప్పుడే సంబరపడకండి

[తెర: బావిలోకి దిగుతున్న కొలత టేపు. నీళ్ళను తాకిన చప్పుడు.]

ఒక చోట భూగర్భజలం బాగుందా లేదా తెలుసుకోవాలంటే మనం మొదట అడిగేది, "ఎన్ని అడుగుల్లో పడింది?" అని. పైనే పడితే మంచి బోరు, లోతుకెళ్తే చెడ్డ బోరు. ఈ వీడియో అయ్యేదాకా ఆ లెక్క పక్కన పెట్టండి. అడవి కొట్టి చేను చేసినప్పుడు, చేను తీసి ఇళ్ళు కట్టినప్పుడు నీళ్ళు కిందికి పోవడమే కాదు, కొన్నిచోట్ల పైకి కూడా వస్తాయి. రుచి మారేది కూడా అప్పుడే.

[తెర: ఆఫ్రికా పటం. నైజర్ దేశం మీదికి జూమ్.]

నైజర్ రాజధాని నియామే చుట్టుపక్కల జరిగింది చూడండి. 1970, 80 దశకాల్లో అక్కడ వానలు బాగా తగ్గి ఘోరమైన కరువొచ్చింది. బావులు ఎండిపోవాలి కదా? ఎండలేదు సరికదా, 1960ల నుంచి దశాబ్దాల పాటు నీటిమట్టం మెల్లగా పెరుగుతూనే వచ్చింది. సగటున ఓ నాలుగు మీటర్లు!

కారణం నేల పైన ఉంది. పొదలూ చెట్లూ కొట్టేసి సజ్జ చేలు వేశారు, వంటచెరకు కోసం ఇంకొంత నరికారు. అక్కడి ఇసుక నేల మీద చినుకులు నేరుగా పడితే పైన చెక్కు కడుతుంది. నీళ్ళు ఉన్నచోట ఇంకవు, జారి పల్లంలోని గుంటల్లో చేరతాయి. గుంట అడుగు నుంచి ఇక తిన్నగా కిందికే. అంతకుముందు అదే వానను పొదల వేళ్ళు ఎక్కడికక్కడ పీల్చేసేవి, కిందికి దిగేది చాలా తక్కువ.

[తెర: నేలను నిలువుగా కోసి లోపల చూపే బొమ్మ. వేళ్ళు మాయమవుతాయి, నీలి గీత పైకి జరుగుతుంది.]

ఇక్కడితో ఆపేస్తే ఇది శుభవార్తే. కానీ ఆ నీళ్ళను పరీక్షిస్తే కొన్ని బావుల్లో నైట్రేట్, అంటే నీళ్ళలో కరిగే నత్రజని రూపం, బాగా ఎక్కువగా తేలింది. నైట్రేట్ అనగానే మన చూపు యూరియా బస్తా మీదికి పోతుంది. ఆ చేలల్లో రసాయన ఎరువుల వాడకం దాదాపు లేదు. మరి ఎక్కడిది? ఆ మట్టిలోదే. చెట్టు ఉన్నన్నాళ్ళూ మట్టిలోని నత్రజని వేరుకెక్కి, ఆకై, రాలి, మళ్ళీ మట్టిలో కలుస్తూ అక్కడక్కడే తిరుగుతుంది. చెట్టు పోయాక దాన్ని పట్టుకునే వేరు లేదు. కొత్తగా ఇంకుతున్న నీళ్ళతో పాటు అదీ దిగిపోయింది. ఎవరూ ఏమీ కలపకుండానే నీళ్ళు మారాయి. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఈ ముక్కే.

పడమటి ఆస్ట్రేలియాలో ఇదే కథ ఉప్పుతో నడిచింది. సముద్రపు గాలీ వానా వేల ఏళ్ళుగా తెచ్చిన ఉప్పు, యూకలిప్టస్ అడవుల కింద మట్టిలో పేరుకుని ఉంది. గోధుమ చేల కోసం అడవి కొట్టారు. నీటిమట్టం లేచింది, లేస్తూ ఆ ఉప్పును కరిగించి పైకి తెచ్చింది. డబ్ల్యూ. ఇ. వుడ్ అనే రైల్వే ఇంజనీరు, చెట్లు పోయినందుకే నేలలోనూ వాగుల్లోనూ ఉప్పు పెరుగుతోందని 1924లోనే రాశాడు. ఆవిరి ఇంజన్ బాయిలర్‌కు ఉప్పు నీళ్ళు పనికిరావు కాబట్టి, రైల్వేవాళ్ళకు ముందే తెలిసిందన్నమాట!

[తెర: పెరుగుతున్న పట్టణం. పైనుంచి దృశ్యం.]

ఇప్పుడు ఇళ్ళ దగ్గరికొద్దాం. సిమెంటు పరిస్తే నీళ్ళు ఇంకవు అంటాం. అది సగం నిజం. వాన నీళ్ళు ఇంకకపోవచ్చు కానీ కారే పైపులు, సెప్టిక్ ట్యాంకులు, మరుగుదొడ్ల గుంటలు ఏడాది పొడవునా నేలలోకి నీళ్ళు వదులుతూనే ఉంటాయి. డ్రైనేజీ లైన్లు వేయకముందే ఇళ్ళు లేచిపోయే చోట ఇది మరీ ఎక్కువ. మట్టి మందంగా ఉంటే క్రిములు చాలావరకు దారిలోనే ఆగి చస్తాయి. నైట్రేట్‌ను మాత్రం మట్టి పట్టుకోదు, నీళ్ళెంత దూరం పోతే అంత దూరం పోతుంది. రాతి పగుళ్ళున్న నేలైతే క్రిములకూ అడ్డు లేదు. మనం తినే ఉప్పులోని క్లోరైడ్ కూడా చివరికి ఆ గుంటలోకే చేరుతుంది కాబట్టి, నీళ్ళలో నైట్రేట్, క్లోరైడ్ రెండూ కలిసి పెరిగితే ముందు సెప్టిక్ ట్యాంకునే అనుమానించాలి.

తాగేనీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేట్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ హద్దు ముఖ్యంగా పోతపాలు తాగే పసిపిల్లల కోసం పెట్టింది. పాలు కలిపే నీళ్ళలో నైట్రేట్ ఎక్కువైతే బిడ్డ రక్తం ఆక్సిజన్‌ను సరిగ్గా మోయలేదు, ఒళ్ళు నీలంగా మారుతుంది. బావి నీళ్ళకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 1945లో అమెరికాలోని అయోవాలో ఒక డాక్టర్ రాశాక గానీ ఈ సంగతి బయటపడలేదు.

[తెర: అణుపరీక్ష పాత దృశ్యం, శబ్దం లేకుండా.]

ఈ బొమ్మ ఇక్కడెందుకు అంటారా? నీళ్ళ వయసు చెప్పడానికి. 1950ల నుంచి జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్షల వల్ల వాన నీళ్ళలో ట్రిటియం, అంటే రేడియోధార్మికత ఉండే ఒక రకం హైడ్రోజన్, పెరిగి, 1963 ప్రాంతంలో తారస్థాయికి చేరింది. బోరు నీళ్ళలో ఆ జాడ ఉందంటే అవి 1950ల తర్వాత కురిసిన వాన అని అర్థం. జాడే లేకపోతే అంతకన్నా పాతవి. చాలాచోట్ల నీళ్ళు కిందికి చేరడానికి పదుల ఏళ్ళు పడుతుంది. అందుకే అడవి కొట్టిన ఏడాదో కాలనీ కట్టిన ఏడాదో పరీక్ష చేయించి, "బాగానే ఉన్నాయి" అనుకోవడంలో అర్థం లేదు. ఆ నీళ్ళు అంతకుముందు నేల ఎలా ఉండేదో చెబుతున్నాయి.

[తెర: గ్లాసులో టీడీఎస్ మీటర్.]

ఈ మీటర్ గురించి ఒక్క మాట. కరిగిన లవణాలు మొత్తం ఎంతో సుమారుగా చెబుతుంది, అంతే. అందులో నైట్రేట్ ఎంత, క్రిములున్నాయా, ఆర్సెనిక్ ఉందా అన్నది దానికి తెలీదు. అంకె తక్కువుందని టెన్షన్ వదిలేయకండి. ఇక మరగబెడితే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది కూడా.

పరీక్ష చేయిస్తే రెండుసార్లు చేయించండి. ఎండాకాలం చివర ఒక సీసా, గట్టి వాన పడ్డ వారానికి ఇంకో సీసా. రెండు రిపోర్టుల్లో నైట్రేట్ అంకెలకు బాగా తేడా ఉంటే, పైనుంచి మీ బోరులోకి ఎక్కడో దగ్గరి దారి ఉండే అవకాశముంది. ముందు కేసింగ్ పైపు చుట్టూ సందు ఉందేమో, వాన నీళ్ళు అక్కడ నిలుస్తున్నాయేమో చూడండి.