బీచ్ ఇసుక తెచ్చి రీఫ్ ట్యాంకులో పోయకండి బాబూ

నమస్తే అండి. రీఫ్ ట్యాంకు అంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. నెలకి ఒకరైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు. "అన్నా, సముద్రపు చేపలే కదా, సముద్రం ఇసుక పోస్తే సరిపోదా? వైజాగ్ వెళ్తున్నా, ఓ బస్తా ఎత్తుకొస్తా."

సరిపోదు. ఎందుకో చూపిస్తా.

[రెండు స్టీలు గిన్నెలు, దగ్గరగా]

ఎడమ గిన్నెలో మా బావ భీమిలి నుంచి తెచ్చిన ఇసుక. కుడి గిన్నెలో షాపులో కొన్న అరగొనైట్ అనే అక్వేరియం ఇసుక. రెండింట్లోనూ రెండేసి చెంచాల వెనిగర్ పోస్తున్నా. కుడివైపు వినండి. గోలీసోడా కొట్టినట్టు బుసబుసా పొంగుతోంది కదా? అది క్యాల్షియం కార్బొనేట్. పగడాల పొడి, గుల్లలు, హాలిమేడా అనే నాచు తాలూకు పెంకులు, ఇంకా చిలకచేప పగడపు రాయిని కొరికి, నమిలి, వెనకనుంచి వదిలిన పొడి. అవునండీ, మాల్దీవుల్లో మనవాళ్లు హనీమూన్ ఫొటోలు దిగే తెల్ల ఇసుకలో చాలా భాగం చేప విసర్జనే!

ఎడమవైపు చూడండి. అక్కడో బుడగ, ఇక్కడో బుడగ. అవి గుల్లముక్కలవి. మిగతాదంతా తూర్పు కనుమల రాళ్లు అరిగిన సరుకు: క్వార్ట్జ్, ఎర్రటి గార్నెట్, నల్లటి ఇల్మనైట్. అంటే ఇది సముద్రం ఒడ్డున దొరికిన కొండ. మన ఆంధ్ర తీరంలో పగడపు దిబ్బలు లేవు, ఆ ఇసుకా లేదు.

అయితే నష్టమేంటంటారా? ఆ నల్ల రేణువుల్లో కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి. మా బావ ట్యాంకులో అద్దం తుడిచే మ్యాగ్నెట్‌కి అవే పట్టాయి. ఆయన చూసుకోలేదు, పైనుంచి కిందికి ఒక్క లాగు లాగాడు. మూడు గీతలు, జానెడు పొడవు. ఇప్పటికీ ఆయన క్లౌన్ ఫిష్ ఆ గీతల వెనకాల పాత సినిమా రీల్లో హీరోలా తిరుగుతూ ఉంటుంది.

"సరే, లక్షద్వీప్ వెళ్లినప్పుడు పగడం ముక్కలు ఏరుకొస్తా" అంటారేమో, ఆ పని అసలు చేయకండి. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద షెడ్యూల్ 1లో ఉన్నాయి. చచ్చిన ముక్కయినా కేసే.

ఇప్పుడు కొనేటప్పుడు ఏం చూడాలి? అందరూ రంగు చూస్తారు. నేను రేణువు సైజు చూడమంటాను. ఒక్కసారి వంటింట్లోకి రండి.

[మైదా, గోధుమ నూక, శనగపప్పు పళ్లెంలో]

అర మిల్లీమీటరు లోపు ఇసుక మైదా లాంటిది. చూడటానికి పట్టులా ఉంటుంది. వేవ్ మేకర్, అంటే ట్యాంకులో నీళ్లు కదిపే పంపు, ఆన్ చేయగానే లేచి పగడాల నెత్తిన కూర్చుంటుంది, తెల్లారేసరికి ఒక మూల దిబ్బ, ఇంకో మూల బోసి అద్దం. మూడు నాలుగు మిల్లీమీటర్ల కోరల్ ముక్కలేమో శనగపప్పు. అది కదలదు గానీ, చేపలు వదిలేసిన మేతంతా సందుల్లోకి జారి అక్కడే కుళ్లుతుంది. ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లది గోధుమ నూక. నా ఓటు నూకకే. ఇసుకలో దూరి పడుకునే రాస్ చేపలు పెంచేవాళ్లు మాత్రం ఇంకొంచెం సన్నగా, బొంబాయి రవ్వ దగ్గరికి వెళ్లండి.

మందం సంగతికి వస్తే, ఇక్కడ ఉప్మానే వండాలి. పలచగా పోస్తే, అంటే ఒకటిన్నర అంగుళాలు, అడుగుదాకా గరిటె ఆడుతుంది, ఏదీ మాడదు. నాలుగు అంగుళాలు దాటితే అడుగున ఆక్సిజన్ అందదు. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపిస్తుంది. ఇది నిజమే, ఇలా ఏళ్లతరబడి నడిపినవాళ్లూ ఉన్నారు. కానీ ఒకటే షరతు, అడుగు కలపకూడదు. అడుగంటిన ఉప్మాని గరిటెతో గీకితే మాడు వాసన గిన్నెంతా ఎక్కుతుంది కదా? ఇక్కడ వచ్చేది కుళ్లిన కోడిగుడ్డు వాసన, హైడ్రోజన్ సల్ఫైడ్. మాడిన ఉప్మా తిన్నా మనం బతుకుతాం, చేపలకి ఆ అవకాశం లేదు. అందుకే కొత్తవాళ్లకి పలచటి పొరే నా సలహా. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకుకి దాదాపు 30 కిలోలు పడుతుంది.

ఇంకో నమ్మకం: అరగొనైట్ పోస్తే ఆల్కలినిటీ, అంటే పగడాలు ఒళ్లు కట్టుకోవడానికి వాడుకునే నీళ్లలోని కార్బొనేట్, అదే చూసుకుంటుందని. ట్యాంకు నీళ్ల పీహెచ్ 8 పైన ఉన్నంతకాలం అరగొనైట్ కరగనే కరగదండీ! ఉప్పు డబ్బా పొయ్యి పక్కన పెడితే కూరకి ఉప్పు పడుతుందా? పగడాలు వాడేసుకున్నంత రోజూ మనమే నీళ్లలో కలపాల్సిందే (దీన్నే డోసింగ్ అంటారు), టెస్ట్ కిట్ కొనాల్సిందే.

కెమెరా బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది, గబగబా చెప్పేస్తా. పొడి ఇసుకని బియ్యం కడిగినట్టు కడగండి, పది నీళ్లయినా సరే. ముందు రాళ్లు అద్దం మీద నిలబెట్టి, తర్వాత ఇసుక. ఇసుక మీద రాయి పెడితే గోబీ చేప దాని కింద సొరంగం తవ్వుతుంది, రాయి పడుతుంది. ఇసుక లేవకుండా పళ్లెం పెట్టి దాని మీద నీళ్లు పోయండి. మొదటి వారాల్లో గోధుమరంగు పూత వస్తే టెన్షన్ వద్దు, అవి డయాటమ్స్ అనే కంటికి కనపడని సన్నటి నాచు, పోతాయి. అయినా ఆర్‌ఓ నీళ్లు వాడండి. సైఫన్ గొట్టంతో ఇసుకలో మురికి లాగేటప్పుడు వారానికి ఇసుకలో పావు భాగమే. నసారియస్ నత్తలు నాలుగు వేయండి. ఇసుక జల్లెడపట్టే స్టార్‌ఫిష్ మాత్రం చిన్న ట్యాంకులో ఆకలితో చస్తుంది, కొనకండి. ఇల్లు మారేటప్పుడు పాత ఇసుక కడగకుండా మళ్లీ పోయకండి, చెప్పాను కదా, అడుగంటిన ఉప్మా...

అయ్యో, మా గోబీ మళ్లీ జోయాంతస్ అనే పగడాల చుట్టం మీద ఇసుక ఉమ్మింది. ఒక్క నిమిషం అండీ, పిచికారీ ఎక్కడ పెట్టానో.