పేరునే తాకట్టు పెట్టిన కంపెనీ: ఫోర్డ్ కథ

నమస్కారం అండీ.

మన ఇళ్ళల్లో కష్టమొస్తే ముందు గాజులు తాకట్టుకు వెళ్తాయి. తర్వాత గొలుసు. మరీ గడ్డుకాలం వస్తే, పక్కింటివాళ్ళకి తెలియకుండా, పుస్తెలతాడు. 2006 చివర్లో అమెరికాలో ఒక పెద్ద కార్ల కంపెనీ అచ్చం ఇదే పని చేసింది. ఫ్యాక్టరీలు పెట్టింది, ఆఫీసు బిల్డింగులు పెట్టింది, పేటెంట్లు పెట్టింది. ఆఖరికి కారు ముందు మెరిసే ఆ నీలం రంగు కోడిగుడ్డు బిళ్ళ ఉంటుంది చూశారా, మధ్యలో చేతిరాతతో ముత్తాతగారి ఇంటిపేరు, దాన్ని కూడా బ్యాంకుల చేతిలో పెట్టేసింది. 2,300 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చుకుంది.

అది ఫోర్డ్. ఒకప్పుడు అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా ఆ ఒక్క కంపెనీవే. అలాంటి ఇంటికి ఈ గతి ఎందుకు పట్టింది? నన్నడిగితే, ఆ ఇంటిని నిలబెట్టిందీ మొండితనమే, కూలదోయబోయిందీ మొండితనమే. ఎలాగో చూద్దాం.

హెన్రీ ఫోర్డ్ 1863 జూలై 30న మిషిగన్ రాష్ట్రంలో, ఇప్పటి డియర్‌బార్న్ దగ్గర ఒక రైతు ఇంట్లో పుట్టాడు. పొలం పనంటే గిట్టదు, గడియారాలు విప్పడమంటే ప్రాణం. డెట్రాయిట్ వెళ్ళి, ఎడిసన్ పేరుమీదున్న కరెంటు కంపెనీలో ఇంజనీరుగా చేరాడు. పగలు ఉద్యోగం, రాత్రి ఇంటి వెనక షెడ్డులో సొంత బండి. 1896 జూన్‌లో ఒక తెల్లవారుజామున బండి తయారైంది. నాలుగు సైకిల్ చక్రాలు, ఒక చిన్న ఇంజను. బయటికి తీద్దామని చూస్తే బండి వెడల్పు, గుమ్మం ఇరుకు! కొలత చూసుకోకుండానే కట్టేశాడు మహానుభావుడు. గొడ్డలి తెచ్చి షెడ్డు గోడ ఇటుకలు పగలగొట్టి, బండిని వీధిలోకి తోశాడు.

ఆ తర్వాత పెట్టిన మొదటి కంపెనీ రెండేళ్ళు తిరక్కుండా మూతపడింది. రెండో దాంట్లో పెట్టుబడి పెట్టినవాళ్ళతో పడక, 1902లో తనే వెళ్ళిపోయాడు. ఆయన వదిలేసి పోయిన ఆ రెండో కంపెనీకి తర్వాత పెట్టిన పేరేంటో తెలుసా? కాడిలాక్. అవును, ఖరీదైన కార్లకి పేరుమోసిన ఆ కాడిలాకే.

మూడోసారి, 1903 జూన్ 16న, 28,000 డాలర్ల నగదుతో ఫోర్డ్ మోటార్ కంపెనీ మొదలైంది. వాటాదారుల్లో డాడ్జ్ అన్నదమ్ములిద్దరు కూడా ఉన్నారు. మొదట్లో ఇంజన్లు చేసిచ్చింది వాళ్ళే.

ఇక మన హీరో. 1908 అక్టోబరు 1. మోడల్ టీ.

ఈ బండి దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే దీన్ని నడపడం ఒక సర్కస్. స్క్రీన్ మీద చూడండి, కాళ్ళ దగ్గర మూడు పెడళ్ళు. మన అలవాటు ప్రకారం క్లచ్, బ్రేక్, యాక్సిలరేటర్ అనుకుంటే గోడకి గుద్దుతారు. ఎడమ పెడల్ పూర్తిగా తొక్కితే లో గేరు, సగం తొక్కితే న్యూట్రల్, వదిలేస్తే టాప్ గేరు. మధ్య పెడల్ రివర్సు. కుడి పెడల్ బ్రేకు. మరి యాక్సిలరేటర్? అది స్టీరింగ్ కింద, కుడిచేతి వైపు ఒక చిన్న పుల్ల. ఎడమచేతి వైపు ఇంకో పుల్ల, అది ఇంజన్లో పెట్రోలుని వెలిగించే స్పార్క్ ఎప్పుడు పడాలో సర్దడానికి.

స్టార్ట్ చేయాలంటే ముందు ఆ స్పార్క్ పుల్లని పైకి తొయ్యాలి. అప్పుడు బండి ముందుకొచ్చి, రేడియేటర్ పక్కనున్న చోక్ వైరు లాగి, హ్యాండిల్ పట్టుకుని తిప్పాలి. ఎడమచేత్తోనే తిప్పాలి. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వెయ్యకుండా, మిగతా వేళ్ళ పక్కనే పెట్టుకోవాలి. ఎందుకంటే స్పార్క్ పుల్ల సర్దడం మర్చిపోయారనుకోండి, ఇంజను వెనక్కి తన్నుతుంది. మణికట్టు విరుగుతుంది. అలా విరిగినవాళ్ళు కోకొల్లలు.

పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద. పంపు లేదు, పెట్రోలు తన బరువుతో తనే ఇంజన్లోకి జారాలి. మరి నిటారు కొండ ఎక్కితే? ముక్కు పైకి లేస్తుంది, ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే ఇంజన్‌కి అందదు, బండి ఆగిపోతుంది. అందుకని జనం ఏం చేసేవాళ్ళంటే, బండిని వెనక్కి తిప్పి, రివర్సులో కొండెక్కేవాళ్ళు! ట్యాంకులో ఎంత ఉందో చూసుకోవాలంటే మీటరుండదు. సీటు ఎత్తి, కర్ర ముంచి చూసుకోవడమే.

ఇన్ని తిప్పలున్న బండిని ఎందుకంత ఎగబడి కొన్నారు? గుంటలు, బురద, కాలిబాటలు, దేనికీ లొంగేది కాదు. వనేడియం అనే లోహం కలిపిన ఉక్కుతో చేశారు కాబట్టి తేలిక, గట్టి. పాడైతే రైతే బాగుచేసుకునేవాడు. మన ఊళ్ళల్లో ట్రాక్టరుకి బెల్టు తగిలించి మోటార్లు, మరలు ఆడించినట్టు, వాళ్ళు మోడల్ టీ వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, దానికి బెల్టు వేసి రంపం తిప్పేవాళ్ళు, నీళ్ళు తోడేవాళ్ళు.

ఇక్కడ చిన్న మాట. "జనాన్ని ఏం కావాలని అడిగుంటే ఇంకా వేగంగా పరిగెత్తే గుర్రం కావాలనేవాళ్ళు" అని హెన్రీ ఫోర్డ్ అన్నట్టు ఒక పోస్టరు తిరుగుతూ ఉంటుంది. ఆయన ఆ మాట అన్నట్టు ఆధారమేదీ లేదు. నల్ల రంగు మాట మాత్రం ఆయన పుస్తకంలోనే ఉంది, నలుపైతే చాలు ఏ రంగైనా ఇస్తాం అని. అదీ పూర్తి నిజం కాదు లెండి. మొదటి ఏళ్ళలో ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగు బండ్లు అమ్మారు. 1914 నుంచి 1925 దాకానే నలుపు ఒక్కటే.

1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో అసలు విప్లవం. అంతకుముందు బండి ఒకచోట నిలబడి ఉండేది, మనుషులు దాని చుట్టూ తిరిగేవాళ్ళు. షికాగో కబేళాల్లో కళేబరాన్ని కొక్కేనికి వేలాడదీసి, ఒక్కొక్కడి ముందు నుంచీ జరుపుతూ ఒక్కో ముక్క కోయించేవాళ్ళు. ఫోర్డ్ వాళ్ళు దాన్ని తిరగేశారు. అక్కడ విడదీస్తున్నారు, మనం అతుకుదాం. మొదటి ప్రయోగానికి కదిలే కన్వేయరు బెల్టు కూడా లేదు, బండి అడుగు చట్రం, అంటే ఛాసిస్‌కి తాడు కట్టి లాగారు, అంతే. పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ బిగింపు కొన్ని నెలల్లో 93 నిమిషాలకు దిగింది.

కానీ పనిచేసేవాడి సంగతి చూడండి. పొద్దున్నుంచీ ఒకటే నట్టు. రేపూ అదే నట్టు. జనం పారిపోయారు. సుమారు 14,000 ఉద్యోగాలు నిండుగా ఉంచడానికి ఆ ఏడాది 52,000 మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. అందుకే 1914 జనవరి 5న ఆ ప్రకటన: రోజుకు 5 డాలర్లు, 8 గంటల పని. అప్పటిదాకా 9 గంటలకి రెండుంపావు, రెండున్నర మధ్య వచ్చేది. చలిలో వేలమంది గేటు ముందు తోసుకున్నారు. వారం తిరిగేసరికి అదే జనం మీద, గడ్డకట్టే చలిలో, గొట్టాలు పెట్టి నీళ్ళు కొట్టించారు. ఇది దయ అని కొందరంటారు. నాకైతే లెక్క అనిపిస్తుంది. పైగా ఆ ఐదూ ఊరికే రావు. కంపెనీ మనుషులు ఇంటికొచ్చి తాగుతున్నావా, ఇల్లు శుభ్రంగా ఉందా, డబ్బు దాస్తున్నావా అని ఆరా తీసేవాళ్ళు. పెళ్ళిచూపులకి కూడా అంత ఆరా తియ్యరు!

850 డాలర్లతో మొదలైన మోడల్ టీ ధర, 1920ల మధ్యకొచ్చేసరికి 260కి దిగింది. ఇక్కడే మొండితనం రెండో వైపు తిరిగింది.

1912లో హెన్రీ యూరప్ వెళ్ళినప్పుడు, ఆయన మనుషులు ముచ్చటపడి మోడల్ టీని మెరుగుపరిచి, నిగనిగలాడే ఎర్ర రంగు వేసి ఒక నమూనా తయారుచేశారు. అక్కడ పనిచేసిన ఒకతను తర్వాత చెప్పుకున్న జ్ఞాపకం ఇది: పెద్దాయన వచ్చాడు, జేబుల్లో చేతులు పెట్టుకుని బండి చుట్టూ మూడు నాలుగు సార్లు తిరిగాడు. మాట్లాడలేదు. ఎడమ తలుపు పట్టుకుని ఊడబెరికాడు. తర్వాత రెండో తలుపు. తర్వాత అద్దం పగిలింది. సొంత చేతుల్తో బండిని తుక్కు చేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరు నోరెత్తుతారు చెప్పండి?

అవతల పోటీ కంపెనీ జనరల్ మోటార్స్ వాళ్ళు రంగులిచ్చారు, వాయిదాలిచ్చారు, ఏటా కొత్త రూపు ఇచ్చారు. హెన్రీ కొడుకు ఎడ్సెల్ పేరుకి ప్రెసిడెంటు, మాటకి విలువ లేదు. 1926లో ఎడ్సెల్ తోడల్లుడు ఎర్నెస్ట్ కాంజ్లర్, ఈ బండి కాలం అయిపోయింది మహాప్రభో అని మర్యాదగా ఒక నివేదిక రాశాడు. కొన్ని నెలలకే ఉద్యోగం ఊడింది. చివరికి 1927 మే నెలలో, కోటిన్నర బండ్లు చేశాక, మోడల్ టీ ఆపేశారు. దాని స్థానంలో ఏం చెయ్యాలో అప్పటికి సిద్ధంగా లేదు! ఫ్యాక్టరీలు నెలల తరబడి మూసుకుని కూర్చున్నారు. డిసెంబరులో మోడల్ ఏ వచ్చింది. బాగానే అమ్ముడైంది కూడా. కానీ మొదటి కుర్చీ పోయింది.

హెన్రీ చీకటి వైపు దాటేస్తే తప్పవుతుంది. సొంత పత్రికలో యూదుల మీద ఏళ్ళ తరబడి విషం కక్కించాడు. 1938లో హిట్లర్ ప్రభుత్వం పతకం ఇస్తే పుచ్చుకున్నాడు. 1937లో యూనియన్ వాళ్ళు కరపత్రాలు పంచడానికొస్తే కంపెనీ మనుషులు నెత్తురొచ్చేలా కొట్టారు.

1947 ఏప్రిల్ 7 రాత్రి ఆయన పోయాడు. ఆ రోజు రూజ్ నది వరదకి ఇంట్లో కరెంటు లేదు. కరెంటు కంపెనీలో ఇంజనీరుగా బతుకు మొదలెట్టినాయన కొవ్వొత్తుల వెలుగులో కన్నుమూశాడు.

తర్వాత మనవడు రెండో హెన్రీ కాలం. గబగబా చెప్పేస్తాను. 1948లో ఎఫ్ సిరీస్ పికప్ ట్రక్కులు వచ్చాయి. ఈ రోజుకీ ఇంటికి అన్నం పెట్టేవి ఇవే, 1977 నుంచి అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే పికప్పులు. 1957లో, చనిపోయిన తండ్రి పేరు పెట్టి ఎడ్సెల్ అనే కారు తెస్తే రెండేళ్ళకే చాప చుట్టేసింది. 1964 ఏప్రిల్ 17న మస్టాంగ్. లోపలంతా ఫాల్కన్ అనే మామూలు సంసారపు కారు సామానే, పైన మాత్రం పొడుగాటి బొనెట్, కురచ వెనక భాగం. ధర 2,368 డాలర్లు. మొదటి రోజే 22,000 ఆర్డర్లు.

డెబ్బైల్లో పింటో. చిన్న కారు, పెట్రోలు ట్యాంకు వెనక యాక్సిల్‌కి, బంపరుకి మధ్య. వెనక నుంచి గుద్దితే ట్యాంకు చిరిగి నిప్పంటుకునే ప్రమాదం. మనుషులు కాలిపోయారు. 1978లో 15 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. మనిషి ప్రాణానికి 2 లక్షల డాలర్లు, ఒక్కో బండి సరిచేయడానికి 11 డాలర్లు అని లెక్కేసిన కాగితం ఒకటి బయటపడింది. అది పింటో ఒక్కదాని లెక్క కాదు, బోల్తా పడితే ట్యాంకు కారడం గురించి అన్ని బండ్లకీ వేసిన లెక్క. కాకపోతే చదివినవాళ్ళకి కడుపు మండటానికి ఆ తేడా అడ్డం రాలేదు.

ఇక మళ్ళీ 2006కి వద్దాం. ఆ ఏడాది నష్టం 1,200 కోట్ల డాలర్లకు పైనే. విమానాలు చేసే బోయింగ్ కంపెనీ నుంచి అలన్ ములాలీని సీఈఓగా తెచ్చుకున్నారు. ఆయన గురువారం గురువారం మీటింగు పెట్టి, బాగుంటే పచ్చ, చెడితే ఎరుపు వేసి చూపించమన్నాడు. అందరి చార్టులూ పచ్చే! ఇల్లు మండుతుంటే తోరణాలు కట్టినట్టు. చివరికి మార్క్ ఫీల్డ్స్ అనే ఆయన ధైర్యం చేసి ఎరుపు చూపించాడు. గది నిశ్శబ్దం. ములాలీ చప్పట్లు కొట్టాడు.

అప్పు తెచ్చారు, సామాన్లు అమ్మారు. జాగ్వార్, ల్యాండ్ రోవర్ రెండూ 500 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నవి, 2008లో 230 కోట్లకి మన టాటాలకి ఇచ్చేశారు. 2009లో అమెరికాలోని మిగతా రెండు పెద్ద కార్ల కంపెనీలు, జనరల్ మోటార్స్, క్రైస్లర్, దివాలా కోర్టుకెక్కాయి. ఫోర్డ్ ఎక్కలేదు. 2012 మే నెలలో, అప్పు తీర్చగలదా అని చూసి ఇచ్చే రేటింగు మెరుగుపడి, నీలం బిళ్ళ తాకట్టులోంచి ఇంటికొచ్చింది.

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ వైపు మన తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉన్నారు కదా, ఈ వీడియో చూస్తుంటే ఒక ఆదివారం డియర్‌బార్న్‌లో గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కి వెళ్ళండి. నిజం మోడల్ టీలో కూర్చోబెట్టి తిప్పుతారు. ఆ పుల్లలు, పెడళ్ళు దగ్గర్నుంచి చూడొచ్చు.

మన దగ్గర సంగతి మీకు తెలిసిందే. తొంభైల్లో ఎస్కార్ట్‌తో వచ్చారు, 1999లో ఐకాన్ తెచ్చారు, చెన్నై పక్కన మరైమలై నగర్లో ఫ్యాక్టరీ. ఫిగో, ఎకోస్పోర్ట్, ఎండీవర్ మన రోడ్ల మీద తిరిగాయి. పదేళ్ళలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపించి, 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్లు చేయడం ఆపేస్తున్నామన్నారు. గుజరాత్ సానంద్ ఫ్యాక్టరీ కూడా టాటాలే కొన్నారు. చెన్నైది మాత్రం అమ్మలేదు. ఎగుమతుల కోసం మళ్ళీ తెరుస్తామని 2024లో తమిళనాడు ప్రభుత్వానికి లేఖ ఇచ్చారు.

మా బాబాయి దగ్గర ఒక ఐకాన్ ఉండేది, వైన్ రంగుది. అమ్మేనాటికి మీటరు 2 లక్షల 10 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. మీ ఇంట్లో ఇంకా ఫోర్డ్ నడుస్తుంటే, ఎంత తిరిగిందో కింద రాయండి.